నక్షలో లేని బాట

ఫిబ్రవరి 3, మంగళవారం. ఆ పొద్దున నన్ను మొదట ఆశ్చర్యపెట్టింది సుంకరి తాత నంబరు నుంచి వచ్చిన ఫోన్. రెండేండ్ల నుంచి ఆ నంబరు నా దగ్గర ఉన్నది, ఒక్కసారి కూడా మోగలేదు. మా ఇంటికీ తాత ఇంటికీ నడుమ ఉన్నవి రెండు గోడలే. "పిలిస్తే ఇనవడే మనిషికి ఫోన్ ఎందుకు బిడ్డా" అనేటోడు. తెర మీద ఆ పేరు చూసి, ఇయ్యాల తాతకు ఏమైందో అని నవ్వుకుంటనే ఎత్తిన. మాట్లాడింది తాత కాదు, తాత బిడ్డ. ఆమెను నేను అత్తా అని పిలుస్త.

"చేవెళ్ల దవాఖానల ఉన్నం పిల్లా. బాపు పోయిండు."

తెల్లారంగ గుండెల నొప్పి అన్నడట. ఆటోలో కూసోబెట్టుకొని పోయిండ్రట. దవాఖాన గేటు కనపడంగనే తాత తల అత్త భుజం మీదికి ఒరిగిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినయి. అప్పుడు మాత్రం ఆమె చెప్పింది ఆ ఒక్క మాటనే. ఫోన్‌లో దవాఖాన చప్పుడు వినపడుతున్నది, ఎవరో మందుల చీటీ గురించి అడుగుతున్నరు. ఆఖరికి అత్తనే, "మీ అమ్మకు చెప్పు. ఇయ్యాల చామంతి తెంపనీకి పోవద్దను," అన్నది.

ఈ పేజీ చదువుతున్న మీకు మా తాత తెలియదు. ఆయన పేరు ఎన్నడూ పేపర్లో పడలేదు. మొయినాబాద్‌కూ చేవెళ్లకూ నడుమ, పెద్దరోడ్డు నుంచి లోపలికి ఉన్న మా ఊరికి ఆయన సుంకరి. అంటే రెవెన్యూ ఆఫీసుకు ఊర్లో ఉండే మనిషి. సర్వే వాళ్ళు వస్తే గొలుసు పట్టేది ఆయనే, హద్దురాళ్ళు చూపించేది ఆయనే, డప్పు కొట్టి కబురు చెప్పేది ఆయనే. ఇప్పుడు ఆ కొలువు లేదు. ఆయన దిగిపోయి కూడా చాలా ఏండ్లయింది. అయినా హద్దు దగ్గర మాట పెరిగితే ఊరు ఆయన వాకిట్లకే పోయేది.

నేను ఆయన దగ్గరికి పోయింది హద్దుల కోసం కాదు, మాటల కోసం. నేను చేవెళ్లలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న. కిందటేడు మా తెలుగు సార్ మీ ఊరి పొలాల పేర్లు రాసుకొని రండి అన్నడు. మా క్లాసులో అందరూ పదో పదిహేనో తెచ్చిండ్రు. నేను తాత పక్కన కూసొని నోట్‌బుక్ సగం నింపిన. గుండ్లచెలక, పీర్లకాడి చేను, గొర్రెలబండ, బురదమడి, అల్లునిమడి. ఒక్కో పేరు రాసినప్పుడు నాకు ఏదో దొరికినట్టు అనిపించేది. మాటలంటే నాకు ప్రేమ పుట్టింది పుస్తకాల దగ్గర కాదు, ఆ వాకిట్ల వేసిన నులక మంచం మీద.

"అల్లునిమడి అని ఎందుకొచ్చింది తాత?"

"ఇల్లరికమొచ్చిన అల్లుడు ఒక్క ఏడు ఆ మడిల నాటు పెట్టిండు. కోతల నాటికి మనిషి లేడు."

"ఏమైండు?"

"అత్త నోటికి జడిసి శంకర్‌పల్లి పొయ్యి రైలెక్కిండు. మడికి పేరు మిగిలింది, అత్తకు వరి మిగిలింది."

ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. విత్తనం పడ్డ చేను దాటవలసి వస్తే చెప్పులు చేతిలోకి తీసుకునేటోడు. ఎందుకని అడిగితే, "చెప్పుకు తెల్వది, కాలుకు తెలుస్తది, ఏడ అడుగు పెట్టొద్దో," అన్నడు. భూమిని అంగలతో కొలిచేటోడు, లెక్క మాత్రం ఉర్దూలో చెప్పేటోడు. రెవెన్యూ ఆఫీసుకెల్లి లెక్కలు చూడనీకి వచ్చే పాత గిర్దావర్ దగ్గర నేర్చుకున్నడట. ఏక్, దో, తీన్ అని గొణుక్కుంట నడుస్తుంటే పొలం గట్ల మీద పిల్లలు వెనుక నడిచేటోళ్ళు.

అన్నిటికంటే ఊరంతా గుర్తుపెట్టుకున్న అలవాటు చాయది. ఇద్దరికి హద్దు తగాదా వస్తే, అది తెగేదాకా ఆయన ఇద్దరిండ్లల్ల చుక్క చాయ ముట్టేటోడు కాదు. తెగినాక ఈ ఇంట్ల ఒక కప్పు, ఆ ఇంట్ల ఒక కప్పు తాగేటోడు. అప్పుడే తగాదా అయిపోయినట్టు. మా ఊర్లో ఇప్పటికీ "సుంకరి చాయ తాగిండా?" అని అడిగితే, ఆ గొడవ తీరిందా అని అర్థం.

ఇప్పుడు రోడ్డు సంగతి చెప్పాలె. ఆయన ఆఖరి నెలలన్నీ దాని మీదనే గడిచినయి.

కిందటి వానకాలం అయిపోతుండంగ పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. మా ఊరి పొలాల మీదుగ కొత్త పెద్దరోడ్డు పోతున్నది, ఫలానా సర్వే నంబర్ల భూమి కావాలె, అభ్యంతరం ఉంటే ఇరవై ఒక్క రోజుల లోపల చెప్పుకోవాలె అని. తాత పేపర్ నాకిచ్చి చదవమన్నడు. సర్వే నంబర్లు చదువుతుంటే ఆయన ఒక్కో దానికి పేరు చెప్తున్నడు. నంబరు నేను చెప్తే, గుండ్లచెలక అని ఆయన. మళ్ళీ నంబరు నేను, బురదమడి అని ఆయన. నడుమ నాకు ఒక మాట తగిలింది, ప్రవేశ నియంత్రిత రహదారి. కొత్త మాట కదా, ఇష్టంగ రెండుసార్లు పలికిన.

"పలికినవ్ మంచిగనే. అంటే ఏంది?"

అప్పుడు ఫోన్‌లో చట్టం వెతికి చదివిన. నాకు అర్థమైనంత వరకు చెప్తున్న. ఏ రోడ్డు మీద ఏ బండ్లు పోవచ్చో, ఏవి పోవద్దో చెప్పే అధికారం చట్టం సర్కారుకు ఇచ్చింది. ఇట్లాంటి రోడ్లకు రెండు దిక్కులా కంచె ఉంటది, ఎక్కేది దిగేది వాళ్ళు పెట్టిన కాడనే. కార్లు, లారీలు, బస్సులు పోతయి. సైకిల్, మోటార్‌సైకిల్, ఆటో, ట్రాక్టర్, ఎడ్లబండి, నడిచే మనిషి వద్దు అని రాసి బోర్డు పెట్టొచ్చు. నేను కోపంతో చదివిన. మా ఊర్లో ఉన్నవన్నీ వద్దన్న దాంట్లనే ఉన్నయి.

తాత నన్ను ఆపిండు. "కాగితాన్ని కోపంగ చదవకు బిడ్డా. మెల్లగ చదువు. అది నీతోని కొట్లాడనీకి రాలే, నీకు చెప్పనీకి వచ్చింది."

"చెప్పేది మనల్ని రావద్దని కదా తాత."

"గంత వేగంగ పొయ్యే కార్ల నడుమల ఎడ్లబండి పోతే ఏమైతది? సచ్చేది ఎడ్లు, సచ్చేది మనిషి. వద్దనుడు మంచిదే. వద్దన్నోడు ఇంకో తొవ్వ సూపియ్యాలె. గది అడుగుదాం."

ఆ తొవ్వ వాళ్ళు చూపించిండ్రు కూడా. కొన్ని రోజులకు సర్వే వాళ్ళు వచ్చి ఎర్రరంగు పూసిన రాళ్ళు పాతిండ్రు. ఊరికీ అవతలి పొలాలకూ నడుమ రోడ్డు కట్ట లేస్తది, కట్ట కింద ఒక అండర్‌పాస్ ఇస్తరని చెప్పిండ్రు. ఊరంతా ఊపిరి పీల్చుకున్నది. తాత ఒక్కడే ఆ రాళ్ళ వెంట నడుచుకుంట పోయిండు. వచ్చేటప్పుడు నేరుగ మా ఇంటికి వచ్చిండు. అరుగు మీద కూసొని నీళ్ళడిగి, తాగకుండ చెంబు పట్టుకొనే ఉన్నడు.

"తప్పైంది బిడ్డా. నాదే."

నేను పుట్టకముందు, మా అమ్మ ఈ ఊరికి కోడలిగ రాకముందు జరిగిన సంగతి అది. అవతలి పొలాలకు పోయే పాత బండ్లబాట బురదమడి పక్క నుంచి ఉండేది. రెవెన్యూ వాళ్ళ దగ్గర ఉండే ఊరి మ్యాపును మేం నక్ష అంటం. ఆ నక్షలో ఉన్నది ఆ బాటనే. ఒక ఏడు వానలు ఆగకుండ పడి అక్కడ బండ్లు దిగబడ్డయి. ఒకాయన ఎద్దు కాలు విరిగింది. అప్పుడు తాత ఇంటింటికి తిరిగి, మెరక మీద ఉన్న పొలాల గట్లు కొంత కొంత అడిగి, బాటను అటు జరిపించిండు. పటేలింటి పెద్దాయన అందరికంటే ఎక్కువ జాగా ఇచ్చిండు. తాత అందరిండ్లల్ల చాయ తాగిండు. కాగితం మాత్రం చేయించలేదు. చేవెళ్లకు తిరగాలె, సర్వేయర్‌ను తీసుకరావాలె, నక్ష మార్పించాలె. మనం మనం ఒక్కటే కదా, చాయ తాగినం కదా అనుకున్నడు.

ఊరు ముప్పై ఏండ్లకు పైగ ఆ కొత్త బాట మీదనే నడిచింది. పాత బాట దున్నకంలో కలిసింది, తర్వాత అమ్ముడుపోయింది. ఇప్పుడు అక్కడ పట్నమాయన ఎవరిదో ఫాంహౌస్ ఉన్నది, మనిషి ఎత్తు గోడ ఉన్నది. రోడ్డు వాళ్ళు అండర్‌పాస్ పెట్టింది నక్షలో ఉన్న బాట మీద. అందులకెల్లి అవతలికి పోతే తగిలేది ఆ గోడ. మేం నడిచే బాట మీదికి మట్టి కట్ట వస్తది.

"వాళ్ళది తప్పు లేదు," అన్నడు తాత. "వాళ్ళు నక్ష చూసి గీసిండ్రు. నక్షకు నిజం చెప్పనిది నేను."

ఆ బాట పోతే ఏం పోతదో మీకు చెప్పాలె. అవతల మా ఊరి పొలాలు సగం ఉన్నయి. టమాట, చామంతి, జొన్న. కొండకల్ రైలు కోచ్ ఫ్యాక్టరీకి డ్యూటీకి పోయేటోళ్ళు ఆ దిక్కు నుంచే అడ్డం పడి పోతరు. మా సమాధుల తోట కూడా అవతలనే ఉన్నది. ఎంకపల్లి మీదుగ చుట్టు తిరిగి పోవచ్చు, బండి ఉన్నోళ్ళు. తలమీద గంప పెట్టుకొని నడిచేటోళ్ళు రోజూ అంత దూరం ఎట్ల పోతరు?

అర్జీ రాయమని నాకే చెప్పిండు. నేను ఒక సాయంత్రమంతా కూసొని నాకు వచ్చిన పెద్ద మాటలన్నీ పెట్టి రాసిన. సవినయముగా విన్నవించుకొనునది అని మొదలుపెట్టి, కర్షక లోకమునకు జీవనాడి వంటి ఈ మార్గము అని, ఇంకా ఏవేవో. తాత కండ్లు మూసుకొని అంతా విన్నడు.

"మంచిగున్నది. పెండ్లిపత్రిక లెక్క ఉన్నది. బాట ఏడున్నది ఇందుల?"

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఆయన నవ్వలేదు. "రేపు పొద్దుగాల నాతోని రా. నీ పెన్ను తెచ్చుకో. బాటనే రాస్తది, నువ్వు ఊకె పట్టుకో సాలు."

మరునాడు ఆరు గంటలకు ఇద్దరం బాట పక్కన బండమీద కూసున్నం. పొద్దు మునిగేదాక కూసున్నం. పోయిన ప్రతి ఒక్కటి రాయించిండు. పాలక్యాన్లు కట్టుకున్న మోటార్‌సైకిళ్ళు, డ్యూటీ మోటార్‌సైకిళ్ళు వేరుగ. పైపులు వేసుకొని ఒక ట్రాక్టర్, జొన్నచొప్ప వేసుకొని ఒక ట్రాక్టర్. చామంతి తెంపనీకి పోయే ఆడోళ్ళు, వాళ్ళలో మా అమ్మ. మేకల మంద. టమాట డబ్బాలతో ఆటో. బడికి పోయే ముగ్గురు పిల్లలు ఒకటే సైకిల్ మీద. నేను సరదాకు ఒక కుక్క అని రాసిన. తాత చూసి, "కొట్టెయ్యి. దానికి అండర్‌పాస్ అక్కర్లేదు, అది కంచె కిందికెల్లి దూరతది," అన్నడు.

సాయంత్రం చూసుకుంటే, పెద్దరోడ్డు మీద వద్దని చట్టం చెప్పిన బండ్ల పట్టికే నా నోట్‌బుక్‌లో ఉన్నది. మధ్యాహ్నం తొవ్వ తప్పి వచ్చిన ఫాంహౌస్ కారు ఒక్కటే పెద్దరోడ్డు ఎక్కదగ్గది. ఆ రోజు నేను నేర్చుకున్నది మా కాలేజీలో ఏడాదంతా నేర్చుకోలేదు. చెప్పవలసింది కండ్లకు కనపడితే పెద్ద మాటల అవసరం రాదు.

అర్జీ మళ్ళీ రాసినం. అందులో ఒక దగ్గర తాత ఆగి ఇట్ల రాయమన్నడు. "ఈ బాటను పాత చోటి నుంచి జరిపించింది నేను. కాగితం చేయించనిది నేను."

ఆ పూట సంతకం పెట్టనీకి వచ్చిన ట్రాక్టరన్న పక్కనే ఉన్నడు. ఊర్లో కిరాయికి ట్రాక్టర్ నడుపుతడు కాబట్టి అందరికీ ట్రాక్టరన్ననే. "ఎందుకు తాత గా ముక్క? మా తాతల కాలం సంది ఇదే బాట అని రాయి. పనైపోతది. అప్పుడు ఎవడు సూసిండు?"

"నేను సూసిన గదరా."

"నువ్వు సెప్పకు మరి."

"సెప్పకనే గిట్లైంది."

ట్రాక్టరన్న సంతకం పెట్టి పోయిండు. నాకు కూడా ఆ ముక్క రాయబుద్ధి కాలేదు. ఊరి కోసం చేసిన పనిని నేరం లెక్క రాయాల్నా అనిపించింది. తాత నా ముఖం చూసి, "నువ్వు రాయకపోతే నా చేతితోని రాస్త. నా రాత ఎవ్వలకు తెల్వది, మల్ల నీకే పని," అన్నడు. రాసిన.

జాగా ఇచ్చిన ఇండ్ల వాళ్ళందరూ సంతకాలు పెట్టిండ్రు. పటేలింటి నుంచి రాలేదు. పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆయన కొడుకు, మేం పటేలింటన్న అనేటాయన, చూసుకుంటున్నడు. మా ఊరి రాజకీయమంతా ఆయన అరుగు మీదనే నడుస్తది. గడువు లోపల ఆ ఒక్క సంతకం లేకుండనే అర్జీ చేవెళ్ల ఆఫీసుల ఇచ్చి వచ్చినం. వాళ్ళు చదివి, స్థలం మీదికి వచ్చి చూస్తమన్నరు. దాన్నే మా దగ్గర మోకా అంటరు. మోకా నాడు బాట ఎవరి భూమిల ఎక్కువ ఉన్నదో ఆ ఇంటి వాళ్ళు ఒప్పుకోవాలె, లేకుంటే కష్టమన్నరు.

అప్పటి నుంచి తాత రోజూ పొద్దున పటేలింటికి పోయి అరుగు మీద కూసునేటోడు. ఒకట్రెండుసార్లు నేనూ పోయిన.

"చాయ తాగు తాత," అనేటోడు పటేలింటన్న.

"పనైనంక తాగుత పటేలా."

"నువ్వు తాగకుంటే మా అమ్మ నన్ను తిడ్తున్నది."

"తిట్టనియ్యి. తిట్లు తింటే యాదికొస్తది."

"అట్ల కాదు తాత. మా నాయన నోటితోని ఇచ్చిండు, నేను కాదంటలేను. నడువుండ్రి, ఎవలు వద్దన్నరు? కాగితం మీద పెడితే రేపు నా భూమిల ఊరి బాట ఉన్నదని పడ్తది. నాకూ పిల్లలున్నరు."

"నీ మాట కరెక్టే పటేలా. నేను నిన్ను తప్పు వడ్తలేను. నేను ఆనాడు మీ నాయన దగ్గర అడగాల్సింది నీ దగ్గర అడుగుతున్న. ముప్పై ఏండ్లు లేటైంది."

కోపం లేదు, బతిమాలుడు లేదు. ఒక గంట కూసొని లేచేటోడు. ఆఖరి ఆదివారం చర్చి అయినంక కూడా పోయిండు. తిరిగి వచ్చేటప్పుడు మా గడపల నిలబడి, "పోరడు మంచోడే బిడ్డా. జర టైం పడ్తది," అన్నడు. సోమవారం కూడా పోయి వచ్చిండని అత్త చెప్పింది. మంగళవారం నాకు ఆ ఫోన్ వచ్చింది.

బుధవారం తాతను తీసుకపోయినం. పాస్టరు గారు ప్రార్థన చేసినంక పెట్టెను భుజాల మీద ఎత్తిండ్రు. ఊరు ఊరంతా ఆ బాట మీదనే వెనుక నడిచింది. రెండు ఎర్రరాళ్ళు ఉన్న దగ్గర భుజాలు మార్చుకోనీకి ఆగిండ్రు. రేపు కట్ట లేచేది సరిగ్గ అక్కడనే. అంతసేపు వెనుక నడిచిన పటేలింటన్న ముందుకు వచ్చి, ఎవరూ అడగకుండనే ఒక మూల కింద భుజం పెట్టిండు. సమాధుల తోట దాక దించలేదు.

మట్టి ఇచ్చి తిరిగి వస్తుంటే ఆ రాళ్ళ దగ్గర ఆయన ఆగి, "రోడ్డు పడితే, మనోళ్ళను ఇటు ఎట్ల తెస్తరు?" అన్నడు.

ట్రాక్టరన్న మెల్లగ అన్నడు. "గదే గదన్నా, గన్ని దినాలు మీ అరుగు మీద కూసొని ఆయన అడిగింది."

అత్త ఆ రాయి పక్కన కూసొని ఏడ్చింది. అప్పటిదాక ఏడ్వని మనిషి, అక్కడ ఏడ్చింది. మా అమ్మ ఆమెను లేపి నడిపించుకొని వచ్చింది.

గురువారం సాయంత్రం పటేలింటన్న తాత ఇంటికి వచ్చిండు. అత్త నన్ను పిలిచి అర్జీ జిరాక్స్ తెమ్మన్నది. ఆయన దాన్ని మొత్తం చదివిండు. కాగితం చేయించనిది నేను అన్న దగ్గర చాలాసేపు ఆగిండు. తర్వాత ఒప్పుకుంటున్నట్టు కింద రాసి సంతకం పెట్టిండు. అత్త చాయ పెట్టనీకి లేచింది. ఆయన వద్దన్నడు. "తాత తాగకపాయె. నాకెందుకక్కా," అని గేటు తీసుకొని పోయిండు. ఇంకో మూడు దినాలు ముందు వచ్చి ఉంటే అని నాకు అనిపించింది. అత్తకు కూడా అనిపించే ఉంటది. ఇద్దరం ఆ మాట అనుకోలేదు.

ఇది రాస్తున్నది ఆదివారం. మోకా రేపే. పొద్దున చర్చి అయినంక అందరూ బయట నిలబడి, రేపు ఎవరు మాట్లాడాలె అని మొదలుపెట్టిండ్రు. పాత బాటను, కొత్త బాటను రెండింటినీ తన అంగలతో కొలిచిన మనిషి లేడు. ఒకరు, ఇప్పుడు తాత లేడు కాబట్టి తాతల కాలం బాట అనే చెప్దాం అన్నరు. అర్జీల ఒకటుంటే నోటితో ఇంకొకటి ఎట్ల చెప్తం అని నేను అన్న. అంతమంది పెద్దోళ్ళ ముందర నేను మాట్లాడుడు అదే మొదటిసారి.

అప్పుడు ట్రాక్టరన్న అన్నడు. "నేను సెప్త. బురదల దిగబడి కాలు ఇరగ్గొట్టుకున్న ఎద్దు మా నాయనది. దాని కోసమే తాత బాట జరిపిండు. ఎట్లైంది గట్లనే సెప్త, కాగితం లేదని కూడ సెప్త."

"మొన్న వద్దంటివి కదనే," అన్నది మా అమ్మ.

"మొన్న తాత ఉండె వదినా. ఆయన సెప్తడని ధైర్యం. ఇప్పుడు నేను సెప్పకుంటే సెప్పేటోడు లేడు."

రేపు వచ్చే సార్లు ఒప్పుకుంటరో లేదో నాకు తెలియదు. అండర్‌పాస్‌ను ఇటు జరుపుతరా, ఇంకొకటి ఇస్తరా, ఏదీ కాదని పోతరా, రేపటిదాక ఎవరికీ తెలియదు. తాత ఉంటే, చెప్పుకున్నం కదా, ఇంక వాళ్ళను ఆలోచించనియ్యి అనేటోడేమో. ఆయన మాట నేను ఊహించి చెప్పుడు ఇదే మొదటిసారి. ఇక ముందు ఎప్పుడూ ఊహించుకోవలసిందే.

సాయంత్రం పటేలింటన్న ఫోన్ చేసిండు. "చెల్లే, రేపు సార్లు జీపుల వస్తరు కదా. బాట అంత గుంతలు గుంతలున్నది. పొద్దుగాలనే నా జేసీబీ పంపుత, మట్టి పోసి సాఫ్ చేపిస్త. జర మంచిగ కనవడ్తది."

మంచి మనసుతోనే అన్నడు. నేను సరే అనబోయి ఆగిన.

"వద్దన్నా. ఆ చక్రాల గాడులు ఉండాలె. ట్రాక్టర్లు, బండ్లు ఎన్నేండ్ల సంది తిరుగుతున్నయో గా గాడులే చెప్తయి. సాఫ్ చేస్తే నిన్న మొన్న పోసిన బాట లెక్క అయితది."

"అవ్ గదా," అన్నడు. "మరి డ్రైవర్‌కు ఆల్‌రెడీ చెప్పిన. వాడు ఫోన్ ఎత్తుతలేడు. ఆరింటికే బండి తీస్తడు."

అందుకే రేపు ఐదున్నరకే లేస్త. జేసీబీ రాకముందే బాట మొదట్ల పోయి నిలబడాలె. ఇప్పుడు పొద్దున పూట మంచు బాగ కురుస్తున్నది. లోతు గాడుల్లో తడి ఉంటది, పాలబండ్లు పోయినంక చక్రాల అచ్చులు ఒకదాని మీద ఒకటి పడతయి. మోకాకు వచ్చేటోళ్ళు జీపు దిగేదాక, దాని మీద ఎవరినీ పార పెట్టనియ్య.